బాంబడిల్ లేకపోయినా సరిపెట్టుకున్న పాఠకులు ఫరామిర్ విషయంలో ఎందుకు రాజీపడలేదు?

కృష్ణాతీరం:

సభ్యులందరికీ నమస్కారం. టోల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ నవల ఆధారంగా పీటర్ జాక్సన్ తీసిన మూడు సినిమాలు 2001, 2002, 2003 సంవత్సరాల్లో ఏటా డిసెంబరులో విడుదలైన సంగతి మీకు తెలిసిందే. ఆ సినిమాల మీద నవలాభిమానులు అప్పట్లో రాసుకున్న అభిప్రాయాలను, ఇప్పటికీ రాస్తున్నవాటిని ఈ మధ్య వరుసగా చదువుతున్నాను. చదువుతున్నకొద్దీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు.

మొదటి సినిమాలో, ఫ్రోడో బృందానికి దారిలో ఆశ్రయమిచ్చే టామ్ బాంబడిల్ పాత్రను పూర్తిగా ఎత్తివేశారు. అతనితోపాటు పాత అడవి పోయింది, సమాధుల దిబ్బల మీది ప్రేతాలు పోయాయి. నవలలో వరుసగా మూడు అధ్యాయాలు తెర మీద జాడ లేకుండా మాయమయ్యాయన్నమాట. బిల్బో పుట్టినరోజు విందుకు, చీకటి రాజు సౌరాన్ ఉంగరాన్ని మోస్తూ ఫ్రోడో ఊరు విడిచి బయలుదేరడానికి మధ్య పుస్తకంలో పదిహేడేళ్లు గడుస్తాయి. సినిమాలో అంత కాలం గడిచినట్టే తోచదు. గాయపడిన ఫ్రోడోకు దారిలో ఎదురుపడి తన గుర్రాన్ని ఇచ్చే గ్లోర్‌ఫిండెల్ స్థానంలోకి ఆర్వెన్ వచ్చింది. ఇన్ని మార్పులనూ పాఠకులు సణుక్కుంటూనే అయినా ఒప్పుకున్నారు. బాంబడిల్‌ను తీసేయడమే మంచిదయిందని వాదించే వీరాభిమానులు కూడా కనిపిస్తున్నారు.

అదే పాఠకులు రెండవ సినిమాలోని గొండోర్ సేనాని ఫరామిర్ దగ్గరకు వచ్చేసరికి ససేమిరా అంటున్నారు. పుస్తకంలో అతను ఉంగరాన్ని ఆశించడు, ఫ్రోడోను వెళ్లనిస్తాడు. సినిమాలో ఫ్రోడోను, అతని తోడు శామ్‌ను బందీలుగా ఆస్గిలియత్ శిథిల నగరం దాకా తీసుకుపోయి, అక్కడ మనసు మార్చుకుని విడిచిపెడతాడు. చివరికి జరిగేది ఒక్కటే: ఇద్దరూ సౌరాన్ రాజ్యమైన మోర్డోర్ దారి పడతారు. నడుమ ఒక మజిలీ పెరిగినందుకు ఇరవై ఏళ్లు దాటినా చల్లారని కోపం ఎందుకు? నేను సినిమాలు చూసిన తరువాతనే నవల చదివాను. నిజం చెప్పాలంటే, ప్రలోభానికి లోనై తేరుకున్న సినిమా ఫరామిరే నాకు నమ్మదగిన మనిషిగా అనిపించాడు. పుస్తకాన్ని ముందుగా చదివినవారు నా అభిప్రాయంతో విభేదిస్తారని తెలుసు. కారణం మాత్రం వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

నిదానపాఠకుడు:

కృష్ణాతీరం గారూ, మీ ప్రశ్నలోనే సగం సమాధానం ఉంది. బాంబడిల్‌ను సినిమా వదిలేసింది. ఫరామిర్‌ను వదిలేయలేదు, మార్చింది. వదిలేసిన పాత్ర పుస్తకంలో తన చోట తాను చెక్కుచెదరకుండా ఉంటుంది, కావలసినవారు వెళ్లి చదువుకుంటారు. మార్చిన పాత్ర అలా కాదు. అదే పేరుతో, అదే అడవిలో, అదే విల్లు పట్టుకుని నిలబడి, పుస్తకంలో చెప్పినదానికి విరుద్ధంగా మాట్లాడుతుంది. సినిమా మాత్రమే చూసిన కోట్లాది మందికి ఇకమీదట ఫరామిర్ అంటే ఆ మనిషే.

పుస్తకంలో ఆ సన్నివేశం ఎలా నడుస్తుందో ఒకసారి గుర్తు చేసుకుందాం. ఇథీలియన్ అడవిలో, జలపాతం వెనుక దాగిన గుహకు వెళ్లే దారిలో, ఫరామిర్ ఫ్రోడోతో మాట్లాడుతూ ఉంటాడు. ఫ్రోడో మోస్తున్నది ఏమిటో అతనికి ఇంకా తెలియదు. తన అన్న బోరోమిర్ మరణానికి దానితో ఏదో సంబంధం ఉందని మాత్రం ఊహించాడు. అప్పుడే, అడగకుండానే, ఆ వస్తువు దారి పక్కన పడి ఉన్నా తాను తీసుకోనని, మినాస్ తిరిథ్ నగరం కూలిపోతూ తానొక్కడే దానిని కాపాడగలిగినవాడైనా చీకటి రాజు ఆయుధంతో కాపాడనని చెబుతాడు. తరువాత గుహలో శామ్ నోరు జారి అసలు విషయం బయటపెడతాడు. ఉంగరం కళ్లెదుటే ఉంది, చుట్టూ తన సైనికులున్నారు, కాపాడవలసిన రాజ్యం ఉంది, ప్రేమకు మొహం వాచిన కొడుకు తండ్రికి తీసుకుపోయి ఇవ్వదగిన కానుక ఉంది. తన యోగ్యత చూపుకోవడానికి మంచి అవకాశమే వచ్చిందని ఫరామిర్ తనను తానే ఎగతాళి చేసుకుని, కూర్చుని, మెల్లగా నవ్వుతాడు. తెలియక అన్న మాటకైనా కట్టుబడి ఉంటానంటాడు.

సినిమా రచయితలు ఆ ‘యోగ్యత’ మాటను వదల్లేదు. కత్తి మొనతో ఫ్రోడో మెడలోని గొలుసును పైకెత్తుతూ ఫరామిర్ చేత దానిని పలికించారు. పుస్తకంలో ఆశను తిరస్కరించడానికి ముందు వచ్చిన వ్యంగ్యం, తెర మీద ఆశే అయి కూర్చుంది. చదివినవారికి గుచ్చుకున్నది ఇదే. మాట పుస్తకానిది, అర్థం దానికి ఎదురు.

ఇంకొక సంగతి కూడా గమనించండి. 1944లో కుమారుడు క్రిస్టఫర్‌కు రాసిన లేఖలో టోల్కీన్, కథలోకి ఒక కొత్త పాత్ర వచ్చిందని, అతడిని తాను కల్పించలేదని, కావాలని కోరుకోను కూడా లేదని, ఇథీలియన్ అడవుల్లోకి అతనే నడుచుకుంటూ వచ్చాడని రాశాడు. ఆ వచ్చినవాడు ఫరామిర్. తన పాత్రల్లో ఎవరైనా తనను పోలి ఉంటే అది ఫరామిరేనని, అయితే అతనికున్న ధైర్యం తనకు లేదని మరొక లేఖలో ఒప్పుకున్నాడు. నేలను ముంచెత్తే మహా తరంగం గురించి తనకు పదే పదే వచ్చిన కలను ఇచ్చింది కూడా ఈ పాత్రకే. రచయిత తన మనసును ఎవరి దగ్గర దాచుకున్నాడో పాఠకులకు తెలుసు. అందుకే ఈ మార్పు వారికి వంద మార్పుల్లో ఒకటిగా కనిపించదు.

మీరు ‘నడుమ ఒక మజిలీ’ అన్నారు కాని, ఆ మజిలీ కథ తర్కాన్నే దెబ్బతీసింది. ఆస్గిలియత్‌లో ఫ్రోడో రెక్కల మృగం మీద ఉన్న, సౌరాన్ సేవకుడైన నాజ్‌గూల్‌కు ఎదురుగా నిలబడి ఉంగరాన్ని పైకెత్తి చూపిస్తాడు. ఉంగరం తన సరిహద్దుల వైపు వస్తోందని సౌరాన్‌కు తెలియకపోవడమే నవల అంతటికీ ఇరుసు. దూరాన ఉన్నవాటిని చూపే పలంతీర్ రాతిలో ఫ్రోడో మిత్రుడు పిప్పిన్‌ను చూసి ఉంగరధారి మాంత్రికుడు సారుమాన్‌కు చేజిక్కాడని అతను భ్రమపడడం, ఆ తరువాత అరగార్న్ అదే రాతిలో తనను తాను చూపుకుని శత్రువును తొందరపెట్టడం అన్నీ ఆ అజ్ఞానం మీదనే నడుస్తాయి. గొండోర్ వాకిట్లో ఉంగరాన్ని కళ్లారా చూసిన నాజ్‌గూల్ యజమానికి ఏం చెప్పిందో సినిమా ఎక్కడా చెప్పదు.

తెరవెనుక:

నిదానపాఠకుడు గారు చెప్పిన నష్టాన్ని నేను కాదనను. అయితే ఆ మార్పును సినిమా రచయితలు ఎందుకు చేయవలసి వచ్చిందో కూడా చెప్పుకోవాలి, లేకపోతే అది వారి అజ్ఞానంగానో అహంకారంగానో కనిపిస్తుంది. జాక్సన్, ఫ్రాన్ వాల్ష్, ఫిలిప్పా బోయెన్స్ ముగ్గురూ నవలను అక్షరమక్షరం చదివినవారే.

నవలలో రెండవ సంపుటం రెండు భాగాలుగా ఉంటుంది. మొదటి భాగమంతా కాబోయే రాజు అరగార్న్, రోహన్ రాజ్యం, నడిచే చెట్లలాంటి ఎంట్‌ల కథ. అది పూర్తిగా ముగిసిన తరువాతనే రెండవ భాగంలో ఫ్రోడో, శామ్‌ల కథ మొదలై చివరిదాకా ఏకధాటిగా సాగుతుంది. సినిమాలో గంటన్నర పాటు నాయకుడిని చూపించకుండా ఉండడం కుదరదు కాబట్టి రెండు కథలనూ అల్లవలసి వచ్చింది. అల్లిన మరుక్షణం తేదీల సమస్య ఎదురవుతుంది. టోల్కీన్ స్వయంగా అనుబంధంలో ఇచ్చిన కాలపట్టిక ప్రకారం రోహన్ కోట హెల్మ్స్ డీప్ యుద్ధం మార్చి 3వ తేదీ రాత్రి జరుగుతుంది. ఫ్రోడో ఫరామిర్‌కు చిక్కేది 7న. షెలోబ్ అనే మహా సాలీడు గుహలోకి వెళ్లేది 12న. మినాస్ తిరిథ్ ముట్టడి, పెలెన్నోర్ యుద్ధం ఆ వెంటనే 15వ తేదీలోగా వస్తాయి. కాబట్టి సంపుటం చివర ఉన్న సాలీడు ఘట్టాన్ని మూడవ సినిమాకు జరపడం రచయిత లెక్కకు అనుగుణమైన పనే. కాని అలా జరిపేసరికి రెండవ సినిమాలో ఫ్రోడో కథకు చివర ఏమీ మిగలలేదు. ఒక మంచి మనిషి కనిపించి, భోజనం పెట్టి, చేతికర్రలిచ్చి సాగనంపాడు అన్నదానితో, అటువైపు వేలాది ఓర్క్‌లు కోటగోడ పగలగొడుతున్న సినిమాను ముగించడం ఎంత కష్టమో ఆలోచించండి.

రెండవ కారణం ఉంగరం. మొదటి సినిమా మొత్తం ఉంగరం ఎంత భయంకరమైనదో చెప్పడానికే ఖర్చయింది. మాంత్రికుడు గాండాల్ఫ్ దానిని తాకడానికి జంకాడు, ఎల్ఫ్ రాణి గలాద్రియెల్ వణికింది, బోరోమిర్ దానివల్లనే పతనమయ్యాడు. అటువంటప్పుడు బోరోమిర్ తమ్ముడు దానిని చూసి నవ్వి ఊరుకుంటే, ప్రేక్షకుడు అంతవరకు పడిన భయమంతా ఆవిరైపోతుందని రచయితలు డీవీడీలతో వచ్చిన ముచ్చట్లలో వివరించారు. చదివేవాడికి ఫరామిర్ ఆలోచనలను పేజీల కొద్దీ చెప్పవచ్చు, తెర మీద మనిషి చేసే పని ఒక్కటే కనిపిస్తుంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. 1958లో ఒక అమెరికన్ బృందం సిద్ధం చేసిన సినిమా కథనాన్ని టోల్కీన్ చదివి, వాక్యం వాక్యానికీ చురకలు పెడుతూ పెద్ద లేఖ రాశాడు. గరుడపక్షులను అయినదానికీ కానిదానికీ వాడుకున్నారని, అక్కరలేని పోట్లాటలు చొప్పించారని కోప్పడ్డాడు. ఎంట్‌ల కథకూ హెల్మ్స్ డీప్ యుద్ధానికీ తగినంత చోటు లేకపోతే రెండింటిలో ఒకటి పోవాలని, పోవలసింది యుద్ధమేనని, ప్రధాన కథకు అది అంత అవసరం కాదని అందులోనే తేల్చి చెప్పాడు. జాక్సన్ సరిగ్గా దానికి వ్యతిరేకంగా, ఆ యుద్ధాన్నే రెండవ సినిమాకు పరాకాష్ఠ చేశాడు, ఎల్ఫ్‌ల సేనను కూడా తీసుకొచ్చి నిలబెట్టాడు. రచయిత మాట వింటే ఫరామిర్‌కు కావలసినంత చోటు దొరికేదేమో కాని, టికెట్టు కొన్నవారిలో ఎంతమంది ఆ సినిమా చూసి ఉండేవారో చెప్పడం కష్టం.

మన వాళ్లకు ఇది కొత్త తగవేమీ కాదు. భగవద్గీతకు భీష్మపర్వంలో తిక్కన ఇచ్చినవి కొద్దిపాటి పద్యాలే. కథనం నడవాలి కాబట్టి కవి అలా చేశాడని చెప్పుకుంటామే కాని, మహాభారతాన్ని పాడుచేశాడని ఎవరమూ అనము.

మలిసంధ్య:

తెరవెనుక గారూ, తిక్కన గీతను కుదించాడు, నిజమే. అర్జునుడి చేత శ్రీకృష్ణుడిని రథం దిగి ఇంటికి పొమ్మనిపించలేదు. మూడవ సినిమాలో జరిగింది అదే. నా వరకు అసలైన అపచారం ఫరామిర్ కానేకాదు. కిరిథ్ ఉంగోల్ మెట్ల మీద ఫ్రోడో శామ్‌ను వెళ్లగొట్టడం. వారికి దారి చూపే గొల్లుమ్, నిద్రపోతున్న శామ్ దుస్తుల మీద రొట్టె పొడి చల్లి దొంగతనం అంటగడితే, ఊరు దాటినప్పటినుంచి నీడలా వెంట ఉన్నవాడిని నమ్మక ఫ్రోడో గొల్లుమ్ మాట నమ్ముతాడు. శామ్ ఏడుస్తూ మెట్లు దిగుతాడు. నవలలో ఈ ఇద్దరూ ఆ మెట్ల మీద కూర్చుని, తమ కథను కూడా ఎవరైనా ఎప్పుడైనా చెప్పుకుంటారా అని మాట్లాడుకుంటారు, ఫ్రోడో చాలాకాలం తరువాత మనసారా నవ్వుతాడు. పుస్తకంలో అత్యంత ఆర్ద్రమైన చోట సినిమా ఒక కుటుంబ కలహాన్ని పెట్టింది. ఆ మెట్ల మీది మాటల్లో కొన్ని ముందు సినిమాలోనే ఆస్గిలియత్ శిథిలాల్లో శామ్ చేత చెప్పించేశారు. ఆ ప్రసంగం బాగానే ఉంది, నేనూ కళ్లు తుడుచుకున్నాను, కాని దాని అసలు స్థలం ఖాళీగా మిగిలిపోయింది.

ఇంకొకటి షైర్, అంటే ఫ్రోడో జాతివారైన హాబిట్ల స్వస్థలం. ఉంగరం నాశనమైన తరువాత నలుగురు హాబిట్లు ఇంటికి తిరిగి వచ్చేసరికి, నవలలో వారి ఊరు సారుమాన్ గుప్పిట్లో ఉంటుంది; చెట్లు నరికి, మిల్లులు పెట్టి, కట్టుబాట్ల బోర్డులు తగిలించి ఉంటాయి. ఊరిని వారే తిరగబడి విడిపించుకుంటారు. సినిమాలో ఊరు వెళ్లేటప్పుడు ఎలా ఉందో వచ్చేటప్పుడూ అలాగే పచ్చగా ఉంది. ఆ అధ్యాయం కథలో తప్పనిసరి భాగమని, మొదటినుంచీ ఉద్దేశించినదేనని టోల్కీన్ రెండవ కూర్పు ముందుమాటలో ప్రత్యేకంగా చెప్పాడు. యుద్ధం ఎక్కడో దూరాన జరిగి, గెలిచినవారి ఇంటిని తాకకుండా వెళ్లిపోదని చెప్పడానికి ఆయన పడిన శ్రమ అంతా పోయింది. పైగా ఆ అధ్యాయంతోపాటు సారుమాన్ కూడా పోయాడు. మూడవ సినిమా థియేటర్లలోకి వచ్చినప్పుడు ఆ పాత్ర వేసిన క్రిస్టఫర్ లీ ఒక్క సన్నివేశంలోనూ కనిపించలేదు. నటవర్గం మొత్తంలో టోల్కీన్‌ను ముఖాముఖి కలిసినవాడు, నవలను ఏటా చదివేవాడు ఆయనొక్కడే. ఆయన నొచ్చుకున్నాడంటే ఆశ్చర్యమేముంది?

ఇంత చెప్పాక, పాఠకులు ఈ సినిమాలను ప్రేమిస్తూనే ఎందుకు తిడతారో కూడా చెప్పాలి. అలన్ లీ, జాన్ హౌ అనే ఇద్దరు చిత్రకారులు అంతకు ముందే ఏళ్ల తరబడి టోల్కీన్ ప్రపంచాన్ని బొమ్మలుగా గీస్తూ వచ్చారు. పుస్తకాల అట్టల మీద, క్యాలెండర్ల మీద మనం చూసినవి వాళ్ల బొమ్మలే. జాక్సన్ ఆ ఇద్దరినీ న్యూజిలాండ్‌కు పిలిపించి కోటలు, నగరాలు, ఆయుధాలు గీయించాడు. అందువల్ల తెర మీద మినాస్ తిరిథ్ కనిపించగానే పాఠకుడికి తాను ఎరిగిన ఊరికే వచ్చినట్టు ఉంటుంది. సమస్య అక్కడే మొదలవుతుంది. పరాయి ఊరిలో పరాయి మనుషులు ఏం మాట్లాడినా పట్టించుకోము. మన వీధిలో మన మనుషులు మనకు తెలియని మాటలు మాట్లాడితేనే నిద్రపట్టదు.

మార్పు ప్రతిదీ చెడ్డదనే మొండితనం నాకు లేదు. బోరోమిర్ మరణాన్ని చూడండి. పుస్తకంలో ఆ పోరాటం మనకు కనిపించదు. రెండవ సంపుటం మొదట్లో అరగార్న్ పరుగెత్తుకు వచ్చేసరికి అతను చెట్టుకు ఆనుకుని, ఒంటినిండా బాణాలతో, కొన ఊపిరితో ఉంటాడు. సినిమా దానిని మొదటి భాగం చివరికి తెచ్చి, ఒక్కొక్క బాణమూ తగలడం చూపించి, అరగార్న్‌ను రాజుగా అంగీకరించే కొత్త మాటలు అతని నోట పెట్టింది. ఆ మాటలు టోల్కీన్‌వి కావు. అయినా అవి వద్దన్న పాఠకుడు నాకు ఇంతవరకు తారసపడలేదు. ఆ మార్పు బోరోమిర్‌ను పెంచింది. ఫరామిర్, ఫ్రోడో, డెనెథార్‌ల విషయంలో మార్పు మనుషులను తగ్గించింది. పుస్తకంలో గాండాల్ఫ్‌తో సమానంగా తలపడగల మేధావి, ఫరామిర్ తండ్రి డెనెథార్ తెర మీద టమాటాలు నములుతూ కొడుకును చావుకు పంపే కర్కశుడుగా మిగిలాడు కదా. పాఠకుల కోపాన్ని కొలవడానికి నాకు తెలిసిన కొలబద్ద ఇదొక్కటే.

టోల్కీన్ కుమారుడు క్రిస్టఫర్ 2012లో ‘ల మోంద్’ పత్రికతో మాట్లాడుతూ, పుస్తకం పేగులు తీసి, పదిహేను నుంచి పాతికేళ్లలోపువారి కోసం పోరాటాల సినిమాగా మార్చారని అన్నాడు. ఆయన బాధ అర్థమవుతుంది. అంత కఠినంగా నేను మాట్లాడలేను.

రేడియోశ్రోత:

చర్చ మంచి పట్టులో ఉంది కాబట్టి ఒక్క విషయం మాత్రం జోడిస్తాను. సినిమాలకు ఇరవై ఏళ్ల ముందు, 1981లో, బీబీసీ రేడియో ఈ నవలను 26 భాగాల నాటకంగా ప్రసారం చేసింది. అందులోనూ బాంబడిల్ లేడు. రాల్ఫ్ బాక్షి 1978లో తీసిన యానిమేషన్ సినిమాలోనూ లేడు. గ్లోర్‌ఫిండెల్ బదులు ఆ సినిమాలో లెగోలాస్ వస్తాడు. అంటే ఈ కోతలు జాక్సన్‌తో మొదలైనవి కావు. ఈ రెండు రూపాలు తీసినవారూ అదే చోట కత్తెర వేశారు. పాఠకులు సరిపెట్టుకోవడానికి ఈ అలవాటు కూడా ఒక కారణమై ఉంటుంది.

అయితే ఆ రేడియో నాటకం షైర్ విముక్తిని వదల్లేదు, ఫరామిర్‌ను మార్చలేదు. శ్రోతలకు ఎక్కడా ఉంగరం మీద భయం తగ్గినట్టు అనిపించలేదు. ఆ నాటకంలో ఫ్రోడోకు గొంతునిచ్చిన ఇయన్ హోమ్‌నే జాక్సన్ బిల్బో పాత్రకు తీసుకున్నాడు కాబట్టి, ఆ నాటకం ఆయనకు బాగా తెలిసే ఉండాలి.

బాంబడిల్‌ను తీసేస్తే ఏమీ పోలేదనే మాటను కూడా నేను పూర్తిగా ఒప్పుకోను. ప్రేతాల దిబ్బలో హాబిట్లకు దొరికిన కత్తులు, అంగ్మార్ మంత్రగాడి రాజును ఎదిరించడానికి పూర్వం పశ్చిమ జాతివారు మంత్రించి చేసినవి. పెలెన్నోర్‌లో హాబిట్ మెర్రీ పొడిచిన పోటుకు ఆ నాజ్‌గూల్ నాయకుడి శరీరాన్ని కట్టిపడేసిన మాయ తెగడానికి కారణం అదే. సినిమాలో అరగార్న్ దారిలో ఎక్కడినుంచో తీసి నాలుగు కత్తులు వారి ముందు పడేస్తాడు. అందువల్ల మెర్రీ పోటు గురితప్పని అదృష్టంగా మాత్రమే మిగిలిపోయింది.

కృష్ణాతీరం:

అందరికీ కృతజ్ఞతలు. మలిసంధ్య గారి కొలబద్ద నాకు నచ్చింది. నాజ్‌గూల్ ఎదుట ఉంగరం చూపించడం మీద నిదానపాఠకుడు గారి అభ్యంతరానికి నా దగ్గర జవాబు లేదు. అయినా తెరవెనుక గారి వాదన వైపే నా మొగ్గు ఇంకా ఉంది. అంత శక్తి ఉన్న ఉంగరాన్ని సాధారణ మానవుడు ఒకడు అవలీలగా వద్దనుకోగలిగితే, దానిని నాశనం చేయడానికి అంత దూరం నడవడం ఎందుకు, ఫరామిర్ చేతిలోనే పెట్టవచ్చు కదా అని ప్రేక్షకుడు అనుకోడా? డీవీడీలో వచ్చిన సుదీర్ఘ రూపం చూస్తే ఈ అభ్యంతరాలు కొంత తీరుతాయని ఎక్కడో చదివాను. నేను చూసింది థియేటర్లకు వచ్చిన 179 నిమిషాల రూపమే.

నిదానపాఠకుడు:

సుదీర్ఘ రూపం తప్పక చూడండి. దాదాపు ముప్పావు గంట అదనంగా ఉంటుంది. ఆస్గిలియత్‌ను తిరిగి గెలుచుకున్న రోజున బోరోమిర్, ఫరామిర్, డెనెథార్ ముగ్గురూ కలిసి కనిపించే గతకాలపు సన్నివేశం అందులో ఉంది. పెద్ద కొడుకు ముందు చిన్న కొడుకును తండ్రి ఎంత చులకన చేస్తాడో చూశాక, ఉంగరాన్ని తండ్రికి తీసుకుపోవాలని ఫరామిర్ ఎందుకు అనుకున్నాడో తెలుస్తుంది. అతని యోగ్యత అత్యున్నతమైనదని శామ్ మెచ్చుకునే మాటను కూడా ఫ్రోడోను విడిచిపెట్టిన తరువాత అక్కడ చేర్చారు. కాని ఇవి ఫరామిర్ చేసిన పనికి కారణం చెబుతాయి, పనిని మార్చవు.

ఇక మీ ప్రశ్న. ఉంగరాన్ని వద్దనడం వేరు, దానిని దగ్గర ఉంచుకుని రోజూ వద్దనుకోవడం వేరు. పుస్తకంలో ఫరామిర్‌కు ఈ తేడా బాగా తెలుసు. అందుకే ఆ వస్తువును చూడాలని కాని, దాని గురించి అవసరమైనదానికన్నా ఎక్కువ తెలుసుకోవాలని కాని కోరుకోనని ఫ్రోడోకు స్పష్టంగా చెబుతాడు. అతని తిరస్కారంలో ఆ భయమూ కలిసే ఉంది. అవలీలగా చేసిన పని కాదు. పైగా సినిమా వాదనను సినిమాయే కొట్టివేసింది. మొదటి భాగం చివర అమోన్ హెన్ దగ్గర ఫ్రోడో అరచేతిలో ఉంగరం పెట్టుకుని చూపిస్తే, అరగార్న్ మోకాళ్ల మీద కూర్చుని, ఆ వేళ్లను తన చేతులతో మూసి, ఫ్రోడోను ఒంటరిగా వెళ్లనిస్తాడు. అది పుస్తకంలో లేదు, ఈ రచయితలే కల్పించారు, చాలా బాగా కల్పించారు. అరగార్న్ వద్దన్నప్పుడు ఉంగరం చిన్నబోలేదు కదా, ఫరామిర్ వద్దంటే ఎందుకు చిన్నబోతుంది?

తెరవెనుక:

అరగార్న్ కథానాయకుడు, కాబోయే రాజు; అతను ఉంగరాన్ని కాదనడం అతని అర్హతకు పరీక్ష. ప్రేక్షకుడు అప్పటికి రెండున్నర గంటలుగా అతనిని చూస్తూ వచ్చాడు. ఫరామిర్ అప్పుడే తెర మీదికి వచ్చిన కొత్త మనిషి. ఈ ఒక్క తేడా తప్ప మీ మాటతో నాకు పేచీ లేదు.

కృష్ణాతీరం గారు సుదీర్ఘ రూపాలు చూడబోతున్నారు కాబట్టి మూడవ సినిమాది కూడా వదలవద్దు. సారుమాన్ మరణం ఉన్నది అందులోనే. గాయపడిన ఫరామిర్, రోహన్ వనిత ఏయోవిన్ చికిత్సాలయంలో దగ్గరయ్యే ఘట్టం కూడా అందులోనే ఉంది. థియేటరు రూపంలో ఆ ఘట్టాన్ని తీసేసి, పట్టాభిషేకంలో మాత్రం ఆ ఇద్దరినీ పక్కపక్కన నవ్వుతూ నిలబెట్టారు. పుస్తకం చదవనివారికి వారిద్దరూ ఒకరికొకరు ఎప్పుడు, ఎలా పరిచయమయ్యారో తెలిసే దారే లేకపోయింది.